సగం గీసిన కోట

సెప్టెంబర్ 21, ఆదివారం

ఉదయ్‌కి అప్పుడే బోర్ కొడుతోందట. హైదరాబాద్ నుంచి వచ్చి నాలుగు గంటలు కాలేదు. మగ్గం గదిలోకి తల పెట్టి, తాత పంజాతో, ఆ ఇనుప దువ్వెనతో, నూలు దిగ్గొట్టడం పది సెకన్లు వీడియో తీశాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, "ఇంకేముందక్కా మీ కాడ?" అన్నాడు.

"కోట ఉంది."

"చూసినం కదా, థర్డ్ క్లాస్‌ల. రాళ్లు."

రాళ్లట! అంత కోటను రెండు అక్షరాల్లో తీసి పారేశాడు. నేనూ ఊరుకోలేదు. "పదిహేనేండ్లు వచ్చినా నీకింకా థర్డ్ క్లాస్ కండ్లే ఉన్నయారా?" అన్నాను. వాడి చెల్లె సౌమ్య, పదమూడేళ్లది, కిసుక్కున నవ్వింది. వీళ్లిద్దరి తల్లి, మా అమ్మ చెల్లెలు శోభారాణి చిన్నమ్మ, "వచ్చిన దినమే కొట్లాటనా?" అని అందర్నీ కలిపి తిట్టింది. దసరా దాకా ఉంటారట.

ఉండనీ. నాకూ ప్రయోగానికి ఇద్దరు మనుషులు కావాలి.

పొద్దున మధు సార్ ఫోన్ చేశారు. పోయినేడు మాకు సోషల్ చెప్పారు, ఇప్పుడు నెక్కొండలో పని చేస్తున్నారు. వచ్చే ఆదివారం అక్కడి తొమ్మిదో తరగతి పిల్లలు ఇరవై రెండు మందిని రైల్లో తీసుకొస్తున్నారు. "కోటకు తీస్కపోతే ఏం జేస్తరు హారికా? సెల్ఫీలు దిగుతరు, ఐస్‌క్రీం తింటరు, ఇంటికెప్పుడని అడుగుతరు. మనం చరిత్ర చెప్పుకుంట పోతే ఒక్కడు వినడు. ఏదన్న ఆడిపియ్యాలె. నువ్వు చేస్తవా?"

నన్నడిగారు. కొత్తవాడలో టెన్త్ చదివే నన్ను. చేస్తానన్నాను.

ఈ నోట్‌బుక్ చివరి పేజీల్లో నా మాటలు దాచుకుంటున్నాను. లైబ్రరీ పుస్తకాల్లో దొరికినవి కొన్ని, పెద్దవాళ్ల నోట్లోంచి రాలినవి కొన్ని. ఇవాళ్టి మాట: శిథిలం. రాళ్లు అనేవాళ్లకు ఈ మాట తెలియదు.


సెప్టెంబర్ 22, సోమవారం

ఆటలు కుదిరాయి. నాకే ముచ్చటేస్తోంది.

ఒకటి, జోడు రాయి. కోట నడుమ నాలుగు రాతి తోరణాల ఆవరణలో విరిగిన శిల్పాల ముక్కలు ఎన్నో ఉన్నాయి కదా, వాటిలో ఒకదానికొకటి జత అనిపించే రెండింటిని కళ్లతోనే వెతకాలి. ముట్టుకోవద్దు. ఎందుకు జతో వాదించి గెలవాలి. తర్వాతది మూగ గైడు: ఒక్క మాట మాట్లాడకుండా, చేతులతో, మొహంతో ఒక శిల్పాన్ని చూపించాలి, మిగతావాళ్లు ఏ శిల్పమో పట్టుకోవాలి. ఉదయ్ ఇంట్లోనే సింహం చేసి చూపించాడు. సౌమ్య "పాలపాకెట్ పడిపోయిన పిల్లి" అంది. నీడ కొలత కూడా ఉంది. తోరణం ఎత్తు టేపు లేకుండా చెప్పాలి. మన ఎత్తు ఎంత, మన నీడ ఎన్ని అడుగులు, దాని నీడ ఎన్ని అడుగులు, అంతే. మా లెక్కల టీచర్ బోర్డు మీద వేసే త్రిభుజాలు ఎండలో నడుస్తాయి.

చివరిది డబ్బా వేట. మ్యాప్ పట్టుకొని తోరణాల దగ్గర్నుంచి రోడ్డెక్కి, రాతి దర్వాజకు ఇవతల పచ్చ తలుపుల ఇల్లు కనిపెట్టాలి. అది నా దోస్త్ సుమేరా ఇల్లు. తూర్పు కోటలో, కోట గోడల లోపలే వాళ్లుంటారు. వాళ్ల నానీ, అంటే అమ్మమ్మ, అజ్మత్ బీ దగ్గర డబ్బా ఉంటుంది, డబ్బాలో అమ్మ చేసిన నువ్వుల ముద్దలు. ఎవరు ముందొస్తే వాళ్లవి.

మ్యాప్‌ని తాత గళ్ల కాగితం మీద గీశాను. తాత జంపఖానా డిజైన్లు గీసేది దాని మీదే. గడికి పది అడుగులు. తోరణాలు, రోడ్డు, దర్వాజ, అన్నీ లెక్క ప్రకారం. రెండు సగాలూ ఒకటే కాబట్టి తాత సగమే గీస్తాడు. నేనూ అలాగే సగం గీసి, అంచు మీద "ఇటూ ఇంతే" అని రాశాను. నాలుగు తోరణాలూ ఒకేలా ఉంటాయి, అటు దర్వాజ, ఇటు దర్వాజ. రెండో సగం గీయడం కాగితం దండగ.

ఎంత అందంగా వచ్చిందో. నేత నేసినట్టు ఉంది.

రేపు ట్రయల్.


సెప్టెంబర్ 23, మంగళవారం

దొరికింది. ఇవాళ ఇంతకన్న రాయను.


సెప్టెంబర్ 24, బుధవారం

రాస్తాను. నేను భయపడలేదని నాకు తెలియాలి.

నిన్న నాలుగింటికి డబ్బా వేట మొదలుపెట్టాం. ఉదయ్‌కొక మ్యాప్, సౌమ్యకొక మ్యాప్. ఫోన్లు చూసి దారి పడతారని ఇద్దరి ఫోన్లూ నా సంచిలో వేసుకున్నాను. ఆటలో నియమం ఉండాలి కదా. ముందు ఉదయ్‌ని వదిలాను, ఐదు నిమిషాలకు సౌమ్యను. నేను సుమేరాతో అడ్డదారిన వాళ్లింటికి పోయి కూర్చున్నాను.

ఉదయ్ పన్నెండు నిమిషాల్లో వచ్చేశాడు. ముద్ద నోట్లో పెట్టుకొని "ఈజీ" అన్నాడు. సౌమ్య రాలేదు. ఇరవై నిమిషాలు. అరగంట. సుమేరా లేచి రోడ్డు మీదికి పోయి చూసింది. రాలేదు.

అజ్మత్ బీ నానీ చెప్పులేసుకుంది. "ఫికర్ జెయ్యకు బేటీ, కోటల పిల్ల యాడికి పోతది? గోడలే ఆపుతయి" అంటూనే పడమర కోటలో తెలిసిన ఇళ్లన్నిటికీ ఫోన్లు కొట్టింది. చివరికి ఒక కిరాణం ఆమె చెప్పింది, పడమటి దర్వాజ దాటి ఒక పిల్ల కుంటుకుంటూ పోయిందని. ఆటోలో పోయాం. కోట చుట్టూ ఉన్న మట్టికట్ట పక్కన బండ మీద కూర్చొని ఉంది. కాలు మడత పడి, చీలమండ ముంజకాయంత వాచింది. ఏడవట్లేదు. మ్యాప్ వెనక పెన్సిల్‌తో ఏదో గీసుకుంటోంది.

గంటా పది నిమిషాలు.

దవాఖానలో ఎముక విరగలేదన్నారు. చిన్నమ్మ అక్కడ మందుల చీటీ మడిచి సంచిలో పెట్టుకుంది. ఇంటికొచ్చాక అంది.

"ఫోన్ గుంజుకొని పిల్లను రోడ్ల మీద ఇడిసిపెడ్తవా? బుద్ధుందా నీకు?"

నేను అన్నది ఒక్కటే. "ఉదయ్‌కి దొరికింది కదా చిన్నమ్మా. అదే మ్యాప్."

మ్యాప్ కరెక్టే. గళ్లు లెక్కపెట్టి గీశాను. సౌమ్య సరిగ్గా చూడలేదు.


సెప్టెంబర్ 25, గురువారం

చిన్నమ్మ మధు సార్‌కి ఫోన్ చేసింది. అమ్మ ఫోన్లోంచి నంబర్ తీసుకొని, నన్ను అడగకుండా, నేను బతుకమ్మకు తంగేడు తేవడానికి పోయినప్పుడు. ఏమందో ఉదయ్ చెప్పాడు.

"ఇద్దరిని సంభాళించలేనిది ఇరవై రెండు మందిని ఏం సంభాళిస్తది సార్? మా పిల్ల రాదు. వేరేటోళ్లను చూస్కోండ్రి."

మా పిల్ల అట. మా పిల్ల రాదు అట. నా నోరు నాకు లేదా?

నేను సార్‌కి చేశాను. సార్ మెల్లగా మాట్లాడారు. అందుకే ఎక్కువ కోపమొచ్చింది. "ఇంట్ల పెద్దోళ్లు ఒప్పుకోకుంటే నేను పిలవరాదు హారికా. ఈసారికి పిల్లలకు ఫొటోలు దిగిపిచ్చి తోలుకపోత."

ఫొటోలు! జోడు రాయి వద్దట, మూగ గైడు వద్దట, నీడ కొలత వద్దట. ఇరవై రెండు మంది వచ్చి, రాళ్లు చూసి, ఐస్‌క్రీం తిని పోతారు. పోయి జీవితాంతం రాళ్లు అంటారు.

బాపుని అడిగితే, "చిన్నమ్మ బిడ్డకు దెబ్బ తాకింది. ఆమె సరే అంటే పో, లేకుంటే లేదు" అని టవల్ భుజాన వేసుకొని స్నానానికి పోయాడు. అమ్మ పప్పు పోపు పెడుతూ నా వైపు చూడనే లేదు.

సారీ చెప్పమంటారు అందరూ. దేనికి చెప్పాలి? కాలు మడత పడినందుకు బాధ ఉంది, అది సౌమ్యకి చెప్పాను. మ్యాప్‌కి చెప్పను.


అదే రోజు, సాయంత్రం

మ్యాప్ కరెక్టే.


సెప్టెంబర్ 26, శుక్రవారం

పొద్దున మగ్గం గదిలో కూర్చొని గళ్ల కాగితాలు చింపుతున్నాను. తాత, మా కట్టయ్య తాత, గుంతలో కాళ్లు పెట్టుకొని నేస్తున్నవాడు ఆపాడు. డెబ్బై ఏళ్లు దాటినా కళ్లద్దాలు లేకుండా నూలు అతుకుతాడు. "కాయిదం ఏం పాపం జేసింది? ఇటు తే" అన్నాడు.

మ్యాప్ ఇచ్చాను. మగ్గం మీద పరిచి, వేలితో రోడ్డు వెంట పోయాడు. అంచు దగ్గర ఆగాడు.

"సగమే గీసినవు."

"నువ్వూ సగమే గీస్తవు కద తాతా."

"నేను నా కోసం గీస్త. మిగతా సగం నా చేతులల్ల ఉంటది." వేలు "ఇటూ ఇంతే" మీద పెట్టాడు. "ఇది చదివిన పిల్ల ఏమనుకుంటది? అటు పోయినా ఒకటే, ఇటు పోయినా ఒకటే అనుకుంటది. అనుకున్నదా?"

నేను చింపిన ముక్కలు ఏరుతూ కూర్చున్నాను.

"జంపఖానాకు తలవైపు, కాళ్లవైపు లేదు బిడ్డా. తిప్పి పరిస్తే ఏమైతది? ఏం గాదు. మరి కోటను తిప్పి పరుస్తవా?"

"ఉదయ్ దొరికిచ్చుకున్నడు" అన్నాను.

"వానికి అదృష్టముంది. కాయిదానికి లేదు." మగ్గం మీది పోగుల నడుమ ఒక ఎర్ర దారం ముడేసి ఉంది. దాన్ని చూపించాడు. "నేను గూడ నడుమ ఎక్కడో మరిచిపోత అని ఆనవాలు కట్టుకుంట. యాభై ఏండ్ల సంది నేస్తాన్న. ఇంకా కట్టుకుంట. నువ్వు ఒక్క ఆనవాలన్నా పెట్టినవా?"

పెట్టలేదు. తూర్పు ఎటో రాయలేదు. మా ఇంట్లో కాగితాల మీద తూర్పు ఉండదు.

మ్యాప్ తప్పు.

రాశాను. ఇప్పుడు ఈ పేజీ చింపను.

తర్వాత సౌమ్య మంచం దగ్గరికి పోయాను. కాలికి కట్టు, చేతిలో ఫోన్. "అటు ఎట్ల పోయినవే?" అని అడిగాను. మూడు రోజుల్లో మొదటిసారి అడిగాను, ఇంతకాలం చెప్తూనే ఉన్నాను.

"కాగితం రెండు దిక్కులా సరిపోయిందక్కా. తోరణం నుంచి ఇటు తిప్పితే రోడ్డు, అటు తిప్పితే రోడ్డు. దర్వాజ గూడ వచ్చింది. పచ్చ తలుపు రాలే, ఇంకా ముందుకుంటదేమో అని పోయిన. ఎండ నా మొహానికే కొడ్తాంది. కండ్లు కనిపియ్యక రాయి తట్టుకున్న." ఆగి, చాలా మామూలుగా అంది: "మ్యాప్‌ల ఎండ లేదు కదా."

మ్యాప్ వెనక అది గీసింది చూపించింది. దర్వాజ, దాని నీడ తన వైపు పొడుగ్గా పడి ఉండటం, మూలన సూర్యుడు. నేను గళ్లు లెక్కపెట్టి గీసినదానికంటే ఆ గీతల్లోనే దారి ఎక్కువ తెలుస్తోంది.

ఇవాళ్టి మాట: ఆనవాలు. ఇన్నాళ్లూ మా ఇంట్లోనే, మగ్గం మీద ముడేసి ఉంది.


సెప్టెంబర్ 27, శనివారం

మ్యాప్ మళ్లీ గీశాను. మళ్లీ సగమే గీశాను! కావాలనే. అంచు మీద ఇప్పుడు "ఇటు మీరే గీయండి. ముందు ఎండ ఎటుందో పెట్టండి" అని ఉంది. పైన తూర్పు, ఎర్ర స్కెచ్‌తో. జట్టుకు ముగ్గురు, జట్టుకొక ఫోన్, అందరి నంబర్లు నా దగ్గర. సౌమ్య పక్కన కూర్చొని ఎనిమిది కాపీల్లో ఎనిమిది ఎర్ర గుర్తులు పెట్టింది. ఉదయ్ మ్యాప్‌లు మడిచి, "నేను మూగ గైడుకు ఉంట, సింహం నాదే" అన్నాడు.

పదకొండింటికి చిన్నమ్మ దగ్గరికి పోయాను. వాకిట్లో చేట ముందర పెట్టుకొని బతుకమ్మకు గునుగు పూల కాడలు కోస్తోంది.

"చిన్నమ్మా, తప్పు నాదే. మ్యాప్ తప్పు గీసిన. ఫోన్లు గుంజుకునుడు గూడ తప్పే."

పూలు కోయడం ఆపలేదు. "ఇప్పటికి తెలిసిందా?"

"తెలిసింది. అయినా రేపు పోత."

ఇప్పుడు ఆపింది. "ఏందీ?"

"పోత. నువ్వు సార్‌కు ఫోన్ చేసి సరే అని చెప్పాలె."

"తప్పు చేసినోళ్లు ఓ మూలకు కూసుంటరే, ఇట్ల ఎదురుంగ నిలబడి గర్వంగ చెప్పరు."

"మూలకు కూసుంటే మ్యాప్ సక్కగైతదా? కూసోలే, సక్కగ జేసిన. చూడు." మడిచిన కాగితం చేటలో పూల మీద పెట్టాను.

చూసింది. ఎర్ర గుర్తు మీద వేలు పెట్టింది. "మా అక్క కడుపున పుట్టినవు గాని నా మొండితనం వచ్చింది నీకు" అంది చివరికి, తిట్టినట్టే. "నేను గూడ వస్త. నేనూ ఒక జట్టుతోని ఉంట. ఒక్క పిల్ల కనిపియ్యకున్నా ఆడికాడికే బంద్. సార్ ముందరనే బంద్ అంట. సరేనా?"

"సరే."

ఫోన్ చేసింది. సార్‌తో ఎంత తియ్యగా మాట్లాడిందో, నాకు నవ్వొచ్చింది.


సెప్టెంబర్ 28, ఆదివారం

కాళ్లు లాగుతున్నాయి, పెన్ను ఆగట్లేదు.

పదింటికి తోరణాల దగ్గరికి వచ్చారు ఇరవై రెండు మంది. మొదట సెల్ఫీలే. నేను మంచిగా తయారుచేసుకున్న మొదటి వాక్యం, "శిథిలాలు మౌనంగా ఉండవు" అన్నది, ఎవరూ వినలేదు. ఒక పిల్ల ఆవులించింది కూడా. వాక్యం వదిలేసి అరిచాను: "ఈ తోరణం ఎంత ఎత్తుంటదో టేపు లేకుండ చెప్పినోళ్లకు ముందుగాల మ్యాప్ ఇస్త!"

ఇరవై నాలుగు అడుగులు, కాదు ముప్పై, నీ మొహం, నీ నీడనే వంకరగుంది, నువ్వు నిటారుగ నిలబడు రా ముందు... ఆవులించిన పిల్లే ఒంగి అడుగులు కొలిచింది. ఉదయ్ సింహం చేస్తే నెక్కొండ పిల్లలు అందరూ ఒక్కసారే "మేక!" అన్నారు. వాడు ఒప్పుకోలేదు, నాలుగుసార్లు చేశాడు, నాలుగుసార్లూ మేకే. జోడు రాయి దగ్గర రెండు జట్లు ఎంత వాదించుకున్నాయంటే మధు సార్ మధ్యలో దూరి, తర్వాత తనే ఒక జట్టులో చేరిపోయి అవతలివాళ్లతో కొట్లాడారు.

తర్వాత డబ్బా వేట. ఎనిమిది జట్లు. రెండు జట్లకు ఒక్కొక్కరు తక్కువైతే, ఒకదాంట్లో మధు సార్, చివరిదాంట్లో చిన్నమ్మ మూడోవాళ్లుగా చేరారు. "ఇటియ్యి" అని చిన్నమ్మ కాగితం పిల్లల చేతుల్లోంచి తనే తీసుకుంది.

నేను, సౌమ్య పచ్చ తలుపుల దగ్గర కూర్చున్నాం. సౌమ్య కాలు నానీ మంచం మీద, ఒళ్లో పేర్ల కాగితం. మొదటి జట్టు వచ్చింది. రెండోది, మూడోది. కాగితాల మీద రెండో సగంలో ఎవరికి తోచింది వాళ్లు గీశారు: చెట్టు, ఐస్‌క్రీం బండి, పడుకున్న కుక్క, సార్ బట్టతల. అన్నిటి మీదా సూర్యుడు. ఏడో జట్టు కూడా వచ్చింది.

సౌమ్య టిక్కులు లెక్కపెట్టింది. "ఇరవై."

మళ్లీ లెక్కపెట్టింది. ఇరవై.

ఇద్దరు లేరు. ఇరవై మందీ ముద్దలు తింటున్నారు, సార్ గడియారం చూస్తున్నారు, మంగళవారం నాటి ఆ అరగంట మొత్తం నాకు మళ్లీ గుర్తొచ్చింది. బంద్ అనే మాట వినబడుతోంది. సార్ ముందరనే బంద్.

ఫోన్ మోగింది. చిన్నమ్మ.

"హారికా... ఇది ఏ దర్వాజనే? పచ్చ తలుపు ఎక్కడ లేదు ఇక్కడ." వెనక నుంచి ఇద్దరు పిల్లల గొంతులు: "ఆంటీ, మేం చెప్పినం గదా! ఇటు గాదు అని చెప్పినం గదా!" చిన్నమ్మ వాళ్లను "ఉష్" అంది, నాకు వినబడదనుకొని.

కనిపించని పిల్లలు కాదు. కనిపించని చిన్నమ్మ.

సుమేరా నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. నేను నవ్వలేదు. సార్ చూస్తుండగా లేచి నిలబడి, టీచర్ లాగా అడిగాను: "ఎండ ఎక్కడ కొడ్తాంది చిన్నమ్మా?"

అటూ ఇటూ తిరిగి చూస్తున్నట్టు ఆమె గాజులు గలగలమన్నాయి.

"వీపుకు."

"అయితే వెనుకకు తిరుగు. మొహానికి కొట్టేటట్టు నడువు. తోరణాలు దాటి అట్లనే రా."

ఇరవై నిమిషాలకు వచ్చింది. చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకొని, చెమట కారుతూ. ఆమె వెనక ఇద్దరు పిల్లలు గెలిచినట్టు మొహాలు పెట్టుకొని. సౌమ్య రెండు టిక్కులు పెట్టింది. ఇరవై రెండు. నానీ నీళ్ల చెంబు ఇచ్చింది, చిన్నమ్మ గటగటా తాగింది, మూతి తుడుచుకుంది. అందరూ ఆమెనే చూస్తున్నారు. నేనూ చూస్తున్నాను. బంద్ అంటుందా అనదా?

మధు సార్ వైపు తిరిగి, "సార్, దసరా అయినంక మీరు మళ్ల పిల్లల్ని తెచ్చేదుంటే ముందే చెప్పుండ్రి. ఎనిమిది గాదు, పది కాయిదాలు గీపిస్త దీంతోని" అంది.

తర్వాత నా వైపు తిరిగి, నలిగిన కాగితం నా చేతిలో పెట్టి, గట్టిగా అంది: "కాని ఈ మ్యాప్ సక్కగ లేదు."

"మ్యాప్ కరెక్టే చిన్నమ్మా" అన్నాను.